ఇచ్చినవాడి దయ

2025 అక్టోబర్‌లో హలోంగ్ తుఫాను చివరి తాకిడి అలాస్కా పడమటి తీరంలోని కిప్‌నుక్ అనే యూపిక్ ఊరిని చిందరవందర చేసింది. ఇళ్ళు పునాదుల మీంచి లేచి కొట్టుకుపోయాయి. జనాన్ని విమానాల్లో తరలించాల్సి వచ్చింది. ఆ ఊరి నది ఒడ్డు కోతను ఆపడానికి ఇచ్చిన 2 కోట్ల డాలర్ల గ్రాంటుని పర్యావరణ సంస్థ ఈపీఏ అదే ఏడాది మే నెలలో రద్దు చేసింది.

ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టేసి వ్యాసం అయిందనిపించడం తేలిక. నేను ఆ పని చెయ్యను. గ్రాంటు ఉన్నా అక్టోబర్ నాటికి అక్కడ గట్టు లేచేది కాదు, అలాస్కాలో కట్టుబడి పనులు సాగేది ఏడాదికి కొన్ని నెలలే. నా పేచీ వేరే. ఒడ్డు కోసుకుపోతున్న ఊరు దరఖాస్తు పెట్టుకుని, పోటీలో నెగ్గి డబ్బు తెచ్చుకోవడమేమిటి? అలా తెచ్చుకున్నది ఒక్క ఉత్తరంతో పోవడమేమిటి?

ముందు మనవాళ్ళ సంగతి. అమెరికాలో నాలాంటి తెలుగు ఇంజినీర్లుండే వాట్సాప్ గ్రూపుల్లో ఈ రద్దుల మీద తరచూ వినబడే మాట: డీఈఐ దుబారా ఆగింది, మన ట్యాక్సులు మిగిలాయి. ఎంత మిగిలాయి? 2022 నాటి ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ ఈ పద్దుకి ఇచ్చింది మొత్తం 300 కోట్ల డాలర్లు, అదీ కొన్నేళ్ళ మీద. ఫెడరల్ ప్రభుత్వం ఒక్క ఏడాదిలో పెట్టే ఖర్చు 6 లక్షల కోట్ల డాలర్ల పైమాటే. భాగించి చూసుకోండి, లెక్కల్లో మనవాళ్ళకి ఎదురు లేదు కదా.

ఇక డీఈఐ. ఏ ప్రాంతం వెనకబడినదో తేల్చడానికి బైడెన్ ప్రభుత్వం సీజెస్ట్ అనే మ్యాప్ టూల్ తయారు చేసింది. ఈపీఏ లెక్కకి అదొక ఆధారంగా ఉండేది. కోడ్ ఓపెన్ సోర్స్, వృత్తిరీత్యా ఆ మాత్రం అర్థమవుతుంది కాబట్టి చదివాను. తర్కం సాదాగా ఉంటుంది. జనాభా లెక్కల కోసం గీసుకున్న ఒక పేట కాలుష్యమో వరద ముప్పో, ఏదో ఒక భారంలో దేశం మొత్తం మీద పై వరసలో ఉండాలి, చాలా భారాలకి ఆ గీత 90వ పర్సెంటైల్. దాంతోపాటు పేదరికంలో 65వ పర్సెంటైల్ దాటాలి. ఈ వడపోతలో జాతి అనే కాలమ్ లేదు. గుర్తింపు పొందిన తెగల భూముల్ని మాత్రం నేరుగా చేర్చారు, ఆ తెగలు చట్టం దృష్టిలో ప్రభుత్వాలు.

జాతిని ఎందుకు వదిలేశారంటే, కోర్టులో నిలబడదేమోనన్న భయంతో. కానీ ఈ ఉద్యమానికి పేరు తెచ్చిందే జాతి ప్రశ్న. 1982లో నార్త్ కరోలినా ప్రభుత్వం పీసీబీ విషం కలిసిన మట్టిని నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే వారెన్ కౌంటీలో పూడ్చబోతే జనం లారీలకి అడ్డం పడ్డారు. 500 మందికి పైగా అరెస్టయ్యారు. విషవ్యర్థాలు ఎక్కడికి చేరతాయో చెప్పడానికి ఆదాయం కన్నా జాతే బలమైన ఆనవాలని 1987లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ నివేదిక అంకెలతో చూపించింది. విషం పంచినప్పుడు అడ్డురాని జాతి విరుగుడు పంచేటప్పుడు మాత్రం ఉచ్చరించకూడని మాటైంది. ఆ జాగ్రత్త వల్ల ఒరిగిందేమిటి? చివరికి డీఈఐ అనే కొట్టేశారు.

గ్రాంటు అనే మాటకి మన పాత వాడుకలో దగ్గరి మాట ఈనాం. ఇచ్చినవాడి దయ. ఈనాంకి కనీసం మార్కులుండేవి కావు. ఇక్కడ చట్టం 2022 ఆగస్టులో వస్తే అన్నిటికన్నా పెద్ద పథకానికి దరఖాస్తులు పిలిచింది 2023 నవంబర్‌లో. ఒక్కో పెద్ద గ్రాంటు కోటి నుంచి 2 కోట్ల డాలర్లు, పని మూడేళ్ళలో తేలిపోవాలి. చిన్న సంస్థలకి భారం తగ్గించడానికని 11 మధ్యవర్తి సంస్థల్ని పెట్టారు. ఉద్దేశం మంచిదే, కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని తెలిసినవాళ్ళం, ఇంకొంత ఆలస్యం అవుతుందని ఊహించగలం. ప్రభుత్వం మారేనాటికి చాలా ఊళ్ళ చేతిలో ఉన్నది డబ్బు కాదు, మంజూరు కాగితం. ఆఫీసులో ఏళ్ళ తరబడి ప్రపోజల్స్ రాస్తున్నవాడిగా చెబుతున్నా, నెగ్గేది సమస్య తీవ్రత కాదు, రాసినవాడి నేర్పు.

రద్దయ్యాక కిప్‌నుక్ మరికొందరితో కలిసి కోర్టుకెళ్ళింది. ఇది కాంట్రాక్టు డబ్బుల తగాదా, ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టులో చూసుకోండంటూ 2025 ఆగస్టులో జడ్జి కొట్టేశారు. అన్యాయం జరిగిందన్న ఊరు కాస్తా బిల్లు రాని కాంట్రాక్టరైంది.

గ్రాంటు జోలికి పోకుండా నేరుగా పౌరహక్కుల దారిలో వెళితే? అలబామాలోని లౌండ్స్ కౌంటీ ఆ దారిలోనే వెళ్ళింది. అక్కడిది నీరు ఇంకని బంకమన్ను, మామూలు సెప్టిక్ ట్యాంకులు పనిచెయ్యవు. పేద నల్లవాళ్ళ ఇళ్ళ మురుగు పైపులోంచి పెరట్లోకే పోతుంది. కేథరిన్ కోల్‌మన్ ఫ్లవర్స్ 2020లో రాసిన ‘వేస్ట్’ ఈ కథే. శైలి కోసం చదివే పుస్తకం కాదు, సరైన ట్యాంకు లేదని ఆ ఇళ్ళవాళ్ళ మీదే కేసులు పెట్టిన వైనం కోసం చదవాలి. 2023 మే నెలలో ఫెడరల్ న్యాయశాఖ రాష్ట్ర ఆరోగ్యశాఖతో ఒప్పందం చేసుకుంది: శిక్షలు ఆపాలి, మురుగుకి దారి చూపాలి. 2025 ఏప్రిల్‌లో అదే న్యాయశాఖ ఇదీ డీఈఐ అంటూ ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది.

మరి ఆ జనమే దావా వెయ్యొచ్చుగా? 2001లో అలెగ్జాండర్ వర్సెస్ శాండోవల్ కేసులో (అదీ అలబామా నుంచి వచ్చిందే) సుప్రీంకోర్టు ఆ తలుపు మూసేసింది. ‘ఉద్దేశం ఏదైనా ఫలితం వివక్షే’ అంటూ పౌరహక్కుల చట్టం టైటిల్ 6 నిబంధనల కింద మామూలు పౌరులు దావా వెయ్యలేరు. కావాలని చేశారని రుజువు చెయ్యాలి. మురుగు కాలవ వెయ్యకపోవడం వెనక ఉద్దేశాన్ని ఏ ఆఫీసరు ఫైల్లో రాసిపెడతాడు? ఫలితాన్ని బట్టి అడగగలిగేది ప్రభుత్వం ఒక్కటే, అది తప్పుకుంటే ఇంకెవరూ లేరు.

ట్యాక్సుల గురించి బాధపడే మిత్రులకి ఇంకో సంగతి. 1980 నాటి సూపర్‌ఫండ్ చట్టం పెట్రోలియం, రసాయన కంపెనీల మీద పన్ను వేసి ఆ డబ్బుతో విషస్థలాల్ని శుభ్రం చేయించేది. 1995 చివర్లో గడువు తీరితే కాంగ్రెస్ పొడిగించలేదు. తిరిగి తెచ్చింది 2021, 2022 చట్టాలతో. ఈ పాతికేళ్ళలో, బాధ్యులు దొరకని చోట ఖర్చు క్రమంగా మామూలు పన్నుల మీదికే వచ్చింది. ఆ దుబారా మీద మా గ్రూపులో ఒక్క ఫార్వర్డూ నేను చూడలేదు.

2021, 22ల్లో రెండు సభలూ డెమోక్రాట్ల చేతిలో ఉన్నాయి. ఎన్విరాన్‌మెంటల్ జస్టిస్ ఫర్ ఆల్ యాక్ట్ అనే బిల్లు అప్పుడు కాంగ్రెస్ ముందుంది, శాండోవల్ మూసిన తలుపు తెరిచి పౌరులకి దావా హక్కు తిరిగి ఇవ్వడం అందులో ఒక భాగం. సెనేట్‌లో 60 ఓట్లు కావాలి, అవి లేవు, నిజమే. అయినా గ్రాంట్ల గురించి చేసిన హడావుడిలో పదో వంతు కూడా దాని గురించి వినబడలేదు. గ్రాంట్లు పోయాయని కుమిలిపోతున్న లిబరల్ మిత్రులారా, వచ్చే ఎన్నికల్లో మీ అభ్యర్థి వాటిని తిరిగి తెస్తానంటే చప్పట్లు కొట్టే ముందు శాండోవల్ సంగతేమిటని అడగండి.