యాప్ లెక్కలో మీకెంత వచ్చు?

మా పిన్ని కూతురు ఇంటర్ ఫస్టియర్. మొన్న ఫోన్ పట్టుకుని ఒకటే ఏడుపు. ప్రాక్టీస్ యాప్‌లో త్రికోణమితి దాదాపు అయిపోయింది అనుకుంటే, పొద్దున తెరిచేసరికి మళ్లీ మొదటి మెట్టు మీద కూర్చోబెట్టిందట. ఆరా తీస్తే తేలిందేంటంటే, రాత్రి తమ్ముడు గేమ్ అనుకుని పది ప్రశ్నలకు ఇష్టమొచ్చినట్టు నొక్కేశాడు!

పాపం, నొక్కే వేలు ఎవరిదో యాప్‌కి తెలీదు కదా. దానికి కనిపించేది తప్పా, రైటా అన్నదే. దాన్నుంచే మన బుర్రలో ఏముందో ఊహించుకుంటుంది.

ఈ ఊహకి ఓ పాత లెక్క ఉంది. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి చెందిన ఆల్బర్ట్ కార్బెట్, జాన్ ఆండర్సన్ 1995లో దీన్ని వివరించారు. ప్రోగ్రామింగ్ నేర్పే సాఫ్ట్‌వేర్ కోసం తయారైంది. పేరు నాలెడ్జ్ ట్రేసింగ్. ఒక్కో చిన్న నైపుణ్యానికి నాలుగు అంకెలు. అది మీకు ముందే వచ్చి ఉండే అవకాశం ఎంత, ప్రశ్న చేస్తూ చేస్తూ నేర్చుకునే అవకాశం ఎంత, రాకపోయినా గుడ్డిగా కొడితే రైటయ్యేది ఎంత, వచ్చి కూడా పొరపాటున తప్పు చేసేది ఎంత. ఈ చివరిది నాకు భలే నచ్చింది. 'వీడికి వచ్చు, తొందరపడ్డాడంతే' అని మనల్ని వెనకేసుకొచ్చిన మాస్టార్లు ఎంతమంది చెప్పండి?

ఉదాహరణకి, టాపిక్ మీకు వచ్చని యాప్ నమ్మకం 40 శాతం అనుకోండి. నాలుగు ఆప్షన్లు కాబట్టి గుడ్డిగా కొట్టేది 25, పొరపాటు 10. ఒక్క రైట్ కొడితే నమ్మకం 71కి ఎగబాకుతుంది. తప్పు చేస్తే? 8కి పడిపోతుంది! చేస్తూ ఎంతో కొంత నేర్చుకుని ఉంటారని తర్వాత కాస్త కలుపుతారు గానీ, దెబ్బ దెబ్బే. 95 దాటితే మాత్రం 'వచ్చేసింది' అని ముందుకి పంపేస్తారు.

ఇంకో తమాషా, ఆ మొదటి మోడల్‌లో మరచిపోవడం అన్నదే లేదు. ఒకసారి వస్తే ఎప్పటికీ వచ్చినట్టే! సంక్రాంతి సెలవుల తర్వాత క్లాసులో కూర్చున్న ఎవరికి చెప్పినా నవ్వుతారు. 2015లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇదే పనికి న్యూరల్ నెట్‌వర్క్ వాడారు. అయితే అది మిమ్మల్ని ఎందుకు తక్కువ అంచనా వేసిందో లోపల వెతికి పట్టుకోవడం కష్టం. నాలుగంకెల లెక్కయితే కాగితం మీద వేసి చూసుకోవచ్చు.

నేను వేశాను కూడా. ఒక్కో ప్రశ్నకి నేర్చుకునేది 10 శాతం అనుకుంటే, వరుసగా పది తప్పులు పడ్డాక కూడా, వరుసగా నాలుగు రైట్లు కొడితే మళ్లీ 95 దాటేస్తుంది. ఇదే చెల్లికి చెప్పాను. కళ్లు తుడుచుకుని, ముందు ఫోన్‌కి కొత్త లాక్ పెట్టింది.