విరిగిన ఇనుము మాట వినండి

హిందూపురం నుంచి ధర్మవరం దాకా పోయే రైలుదారి మన సీమకు మూడు పాఠాలు చెప్పింది. మూడూ ప్రాణాలు తీసి చెప్పినవే. 2012 మే 22 తెల్లవారుజామున పెనుకొండ స్టేషన్లో ఆగివున్న గూడ్సును హంపి ఎక్స్‌ప్రెస్ ఢీకొంది. 25 మంది పోయారు. 2013 డిసెంబరు 28న కొత్తచెరువు దగ్గర బెంగళూరు-నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ బోగీ తగలబడింది. 26 మంది పోయారు. 2015 ఆగస్టు 24న పెనుకొండ దగ్గరి గేటు వద్ద గ్రానైటు లారీ మళ్లీ నాందేడ్ రైలునే గుద్దింది. దేవదుర్గ ఎమ్మెల్యే వెంకటేశ్ నాయక్ సహా పలువురు చనిపోయారు.

తప్పెవరిది? డ్రైవరుదా, గేటు దగ్గరి మనిషిదా? ఈ ప్రశ్న అడగాల్సిందే. మేము ఇంకో ప్రశ్న కూడా అడుగుతున్నాం. మనిషి తప్పినప్పుడు బోగీ ఎందుకు కాపాడలేదు?

పాతరకం బోగీలు గుద్దుకుంటే ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి, ఒకదాని చట్రం ఇంకోదాన్ని చీలుస్తుంది. అట్లా ఎక్కనీయకుండా పట్టివుంచే కప్లింగున్న ఎల్‌హెచ్‌బీ బోగీలు 2000లోనే జర్మనీ నుంచి వచ్చాయి. ముందు ఎక్కింది శతాబ్ది ప్రయాణికులు. పెరంబూరు ఫ్యాక్టరీ పాతరకం తయారీ ఆపింది 2018లో. ఆ నడిమి కాలంలోనే మన మూడు ప్రమాదాలూ జరిగాయి. తెలివి లేక కాదు, అది సామాన్యుడి బోగీ దాకా రాక!

లోహానికీ అలసట వుంటుంది. విరిగిన ముఖాన్ని మైక్రోస్కోపు కింద పెడితే ఒక్క దెబ్బకు విరిగిందో, ఏళ్ల తరబడి బీటవారి విరిగిందో చెబుతుంది. సీటు ఎంతసేపటికి అంటుకుంటుందో, ఎంత పొగ కక్కుతుందో ప్రయోగశాలలో కొలవొచ్చు. ఈ చదువు మనకు అందనిదేం కాదు. 1946 నాటి ఇంజనీరింగు కాలేజీ అనంతపురంలో వుంది. 2008లో అక్కడే జేఎన్‌టీయూ అనంతపురం వెలిసింది. 2015లో తిరుపతికి ఐఐటీ వచ్చింది. 2019 నుంచి పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కార్లు తయారవుతున్నాయి. ఆ కారు ముందుభాగం దెబ్బకు ఎట్లా నలిగితే లోపలి మనిషి బతుకుతాడో లెక్కగట్టే చదువు కూడా మన పిల్లలకు దక్కాలి. బోల్టులు బిగించే పని ఒక్కటే చాలదు.

మేము కోరేది పెద్దదేం కాదు. ప్రమాద విచారణ ముగిశాక విరిగిన కప్లింగు, కాలిన పలక తుక్కు వేలానికి పోకూడదు. అవి అనంతపురం ప్రయోగశాలకు రావాలి. విచారణ నివేదికలు తెలుగులో కాలేజీ లైబ్రరీలకు చేరాలి. విద్యార్థులారా, మీ ప్రాజెక్టు పెనుకొండ నుంచే మొదలుపెట్టండి. రైల్వే ఉద్యోగులారా, మీ అనుభవం వాళ్లకు చెప్పండి.

ఎక్స్‌గ్రేషియా చెక్కుతో పాఠం ముగిసిపోతే, అదే పాఠం మళ్లీ చదవాల్సి వస్తుంది. ఫీజు మాత్రం ప్రాణాల్లోనే!