టేకు బల్లకు ఇనుప చట్రము

జగిత్యాలలో గాని, నిర్మల్‌లో గాని వెల్డింగు దుకాణమునకును వడ్రంగి కార్ఖానాకును ఎంతో దూరముండదు. ఈ రెంటి నడుమ పుట్టి, నేడు మన ఇండ్లలోను, కచేరీలలోను, పాఠశాలలలోను కుదురుకొనుచున్న వస్తువు చదరపు పైపుల చట్రముపై టేకు పలక బిగించిన బల్ల. పూర్వపు నగిషీ కాళ్ల బల్లలను తలచి నిట్టూర్చు పెద్దలతో నేనేకీభవింపజాలను. ఆదిలాబాదు అడవి తరుగుచు వచ్చినది. కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యమైనది. చేవగల టేకు వెల యెంతయో ఇటీవల ఇల్లు కట్టినవారికి ఎరుకయే. ఇట్టి కాలమున టేకును చేయి తగులు చోట నుంచి, బరువు మోయు పనిని ఇనుమున కప్పగించుట వివేకము.

అయితే ఈ బల్లలు పలువురి యింట రెండేండ్లు తిరుగకమునుపే నడుమ చీలుచున్నవి. కొన్ని డొప్పవలె వంగుచున్నవి. యజమాని "కఱ్ఱ పచ్చిది" అని వడ్లాయనను తిట్టును. ఒక్కొక్కప్పుడది నిజమే కాని, పెక్కుమార్లు నేరము కఱ్ఱది కాదు, బిగింపుది. ఎంత ఆరిన టేకైనను వానకాలపు తేమకు ఉబ్బి, మే నెల వడగాలికి ముడుచుకొనును. అదియు పొడవున కాదు, నారకు అడ్డముగా. మూడడుగుల వెడల్పు గల పలక ఇట్లు నాలుగైదు మిల్లీమీటర్లు కదలును. అంతే వెడల్పు గల ఇనుము మన చలికిని ఎండకును నడుమ అర మిల్లీమీటరైనను కదలదు. కదలు దానిని కదలనిదానికి నలుమూలల బిగించినచో పలక పగులక మరేమి చేయును?

ఈ జ్ఞానము మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. ఎడ్లబండి చక్రమునకు ఇనుప పట్టాను ఎఱ్ఱగా కాల్చి తొడిగి, నీరు చల్లి బిగియించిన కమ్మరికి, ఏ పదార్థ మెప్పుడెంత సాగునో, ముడుచుకొనునో చేతికి తెలియును. నిర్మల్ చేరువనున్న దిమ్మదుర్తి ఖనిజమును, కోనసముద్రపు మూసలలో కాగిన ఉక్కును 1820ల నాడు చూచిన భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయిసీ వ్రాసిన వృత్తాంతము 1832లో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. ఆ ఉక్కును కొనుటకు పారశీక వర్తకులు ఇచటికి వచ్చెడివారు. అట్టి నేలపై నాలుగు స్క్రూల మర్మము మఱచుట వింతగాదా!

ఇక చట్రము సంగతి. మంచి వెల్డరు మూలలను ఒక్కమారుగా అతుకడు. ముందు చుక్కలుగా టాకా వేసి, ఎదురెదురు మూలలను టేపుతో కొలిచి, రెండు కర్ణములును సమానమైన పిమ్మటనే, ఒక మూల నతికి దాని కెదుటి మూలకు పోవును. ఏలయన అతుకు చల్లారునప్పుడు లోహమును తనవైపు లాగును; వరుసగా అతికినచో చట్రము మెలిదిరిగి బల్ల ఒక కాలిపై ఊగును. ఆ తరువాత గ్రైండరుతో అతుకులు నునుపుచేసి, తుప్పు తుడిచి, రెడాక్సైడు పూయవలెను. నేల తుడుచు నీరు పైపులోనికి ఎక్కకుండ కాళ్ల అడుగులు మూయవలెను. ఇది పది నిమిషముల పని, కాని ఎవరును చేయరు. పలకను బిగించు పట్టీలో నడిమి స్క్రూకు గుండ్రని రంధ్రమును, అంచుల స్క్రూలకు నారకు అడ్డముగా సాగిన పొడుగు రంధ్రమును తొలిచి, వెడల్పైన వాషరు వేసినచో పలక అణగియుండును, కదలుటకు చోటును ఉండును.

ఇంత చిన్న పని యేల జరుగదు? చట్రము ఒకరికి, పలక మరొకరికి వేర్వేరు బేరములుగా పోవుటయే కారణమని నా నిశ్చయము. విశ్వకర్మ సంతతిలో కమ్మరియు వడ్రంగియు అన్నదమ్ములందురు. బల్లకాడ మాత్రము వారికి మాటలు లేవు! వెల్డరు తన యిష్టమైన చోట రంధ్రములు చేయును, వడ్రంగి దొరికిన రంధ్రములలో స్క్రూలు దిగగొట్టును. తక్కువ ధరను కోరుకొనుటయే ఎఱిగిన కొనుగోలుదారు ఇరువురిని ఒకచోట కూర్చుండబెట్టడు. పాఠశాలకో, పంచాయతీ కార్యాలయమునకో పదుల కొలది బల్లలు చేయించువారు ఒప్పందములో పైపు మందము, టేకు రకము వ్రాయుదురు గాని బిగింపు విధానమును వ్రాయరు. ఆ ఒక్క వాక్యము చేర్చుట అత్యావశ్యకము.

సొంతమునకు చేయించుకొనువారికి నా మనవి యొక్కటి. డబ్బు చెల్లించుటకు ముందు బల్లను తలక్రిందులు చేయించి చూడుడు. అంచుల రంధ్రములు గుండ్రముగా నున్నచో వాటిని పొడుగు చేయించిన పిదపనే ఇంటికి తెచ్చుకొనుడు.