‘షుడ్ అంటే వలెను’ అని ఇంకెన్నాళ్ళు?

కాస్త పెద్దదే రాశాం, ఓపిగ్గా చదవండి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో పిల్లల స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు తీర్మానానికి రాబోతోంది. బయటి కోచింగు వాళ్ళని పిలిపించి, సంఘం నిధిలోంచి డబ్బు కట్టి, సెలవుల్లో క్లాసు పెడదామని కొందరి ప్రతిపాదన. క్లాసుకు మేము అడ్డం కాదు. వాళ్ళు నమూనాకు పంపిన పుస్తకం చూశాకే మా అభ్యంతరం మొదలైంది. ‘మేము’ అంటే సంఘంలో ఉద్యోగాలు చేసి రిటైరైన ఐదారుగురం. రాసే చెయ్యి రైల్వే గుమాస్తాది కాబట్టి మధ్యలో రైలు కబుర్లు వస్తే సర్దుకోండి.

పుస్తకంలో ఒక పేజీ ఉంది. ఎడమ పక్క ఇంగ్లీషు, కుడి పక్క తెలుగు. షుడ్ అంటే వలెను. మస్ట్ అంటే తప్పక వలెను. ఆట్ టు అంటే వలెను. కెన్ అంటే గలను. కుడ్ అంటే గలిగితిని. హ్యాడ్ బెటర్ అంటే మంచిది. దాని కింద ఇరవై వాక్యాలు, ఖాళీలు పూరించమని. అంతే. ఎవరు ఎవరితో అంటున్నారు, ఎందుకు అంటున్నారు, కోపంగానా, ప్రేమగానా, ఏమీ లేదు. అసలు ‘వలెను’ అని మన ఇళ్ళల్లో ఎవరంటారండీ? బంగారుపేట బజారులో పానీపూరీ బండి దగ్గర నిలబడి ‘నాకు ఇంకొక ప్లేటు వలెను’ అని అడిగిన మనిషిని మేము ఇంతవరకు చూడలేదు.

ఇది చిన్న విషయం అనుకోకండి. సలహా చెప్పడం, తప్పు ఎత్తి చూపడం, ఇది జరుగుతుందని ఎదురుచూడడం, నేను చేస్తానని ముందుకు రావడం. ఉద్యోగంలో మాట పడేదీ, మాట నిలబడేదీ ఈ నాలుగు చోట్లే. ఇంగ్లీషులో ఈ నాలుగు పనులకూ ఎక్కువగా వాడేది ఈ చిన్న మాటలనే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశాక ఈ ప్రాంతం పిల్లలకు బతుకుతెరువు బెంగుళూరే అయింది. తెల్లవారకముందే మారికుప్పం నుంచి వచ్చే బండి పట్టుకుని పోయి, రాత్రి ఇల్లు చేరే పిల్లలు మన ఇళ్ళల్లో ఎంతమంది లేరు? వాళ్ళ ఇంగ్లీషులో స్పెల్లింగు తప్పితే కంప్యూటరు దిద్దుతుంది. ‘హ్యాడ్ బెటర్’ తప్పు మనిషి దగ్గర వాడితే దిద్దేవాళ్ళు ఎవరూ ఉండరు. మనసులో పెట్టుకుంటారు.

మాకు తెలిసిన అమ్మాయి ఒకతె, పేరు అక్కర్లేదు, కొత్తగా ఉద్యోగంలో చేరింది. పై అధికారి పంపిన లెక్కలో తప్పు కనపడింది. ‘ఒకసారి చూసుకుంటే మంచిది సార్’ అని చెప్పాలనుకుంది. పట్టీలో నేర్చుకున్నట్టే ‘యూ హ్యాడ్ బెటర్ చెక్ ఇట్’ అని రాసి పంపింది. ఆ మాటలో ‘చూసుకోకపోతే నీకే చెడు’ అన్న బెదిరింపు ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తల్లి బిడ్డతో అనొచ్చు, స్నేహితుడు స్నేహితుడితో అనొచ్చు. కింది ఉద్యోగి పై అధికారితో అనకూడదు. ఆయన రెండు నెలలు ఆమెతో సరిగా మాట్లాడలేదట. ఎందుకో ఆమెకు ఇప్పటికీ అర్థం కాలేదు, మేము చెప్పేదాకా.

ఇంకొక అబ్బాయిని ఇంటర్వ్యూలో ‘రాత్రి షిఫ్టు చేస్తావా’ అని అడిగారు. ‘ఐ కెన్’ అన్నాడు. మళ్ళీ అడిగారు. మళ్ళీ ‘ఐ కెన్’ అన్నాడు. చేయగలడా అని వాళ్ళు అడగలేదు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు రాత్రి మేలుకోగలడని వాళ్ళకూ తెలుసు. చేస్తాడా అని అడిగారు. ‘చేయగలను’కీ ‘చేస్తాను’కీ తేడా తెలుగులో ఆ పిల్లవాడికి తెలియదా? బాగా తెలుసు. పెళ్ళిపనికి పిలిస్తే ‘చేయగలను పెద్దనాన్నా’ అంటాడా, ‘చేస్తాలే పెద్దనాన్నా’ అంటాడా? తెలిసిన తేడాని ఇంగ్లీషులోకి తీసుకుపోయే దారి మాత్రం ఎవరూ చూపలేదు.

మా వాదన ఇదే. పిల్లలకు ఈ విషయాలు తెలియక కాదు. వాళ్ళ సొంత భాషలో ఇవన్నీ పుట్టినప్పటినుంచీ తెలుసు. పట్టీ పద్ధతి ఆ తెలివిని పనికిరాకుండా చేసి, ‘వలెను’ అనే చచ్చిన మాటను చేతిలో పెడుతోంది.

తప్పు ఎత్తి చూపడమే తీసుకోండి. మనకు ఎన్ని మెట్లున్నాయో చూడండి. ‘ముందే చెప్పి ఉంటే బాగుండేది’ అంటే మెత్తన. ‘మాకు ఒక మాట చెప్పొద్దా?’ అంటే చనువుతో కూడిన నిష్ఠూరం. ‘చెప్పాల్సింది’ అంటే నేరుగా తప్పు పట్టడం. ఇంగ్లీషులోనూ మెట్లున్నాయి. ‘యూ షుడ్ హ్యావ్ టోల్డ్ అజ్’ అంటే నేరుగా తప్పు పట్టడం. ‘యూ కుడ్ హ్యావ్ టోల్డ్ అజ్’ అంటే మన ‘చెప్పొద్దా’కు దగ్గర. ఆ ‘కుడ్’కి గలిగితినితో సంబంధమే లేదు. ఇక ‘యూ మస్ట్ హ్యావ్ టోల్డ్’ అంటే ‘నువ్వు చెప్పే ఉంటావు’ అని అర్థం. పూర్తిగా తలకిందులు! మన పిల్లలు ‘మస్ట్’ అంటే ‘తప్పక వలెను’ కాబట్టి గట్టిగా తప్పు పట్టాలంటే ‘మస్ట్ హ్యావ్’ అనాలనుకుంటారు. నువ్వు చెప్పలేదని పోట్లాడబోయి, నువ్వు చెప్పే ఉంటావని ఒప్పుకుని వస్తారు.

ఎదురుచూడడం గురించి రైలు కౌంటరు చెప్పినట్టు ఏ పుస్తకమూ చెప్పదు. ‘పది గంటలకు రావాల్సిన బండి’ అంటాం. ఆ ‘రావాల్సిన’లో బండికి ఆజ్ఞ లేదు. పట్టిక ప్రకారం, మామూలుగా అయితే, వస్తుందని ఎదురుచూస్తున్నామని. ఇంగ్లీషు ‘షుడ్’కి ఈ అర్థం కూడా ఉంది. ‘ద ట్రెయిన్ షుడ్ బి హియర్ బై టెన్’ అని మేము కౌంటరులో అంటే, ఒక పెద్దమనిషి పదింపావుకి వచ్చి ‘వస్తుందని మాటిచ్చావు కదా’ అని కేకలు వేశాడు. మేము మాటివ్వలేదు, అంచనా చెప్పాం. ‘విల్’ అని ఉంటే తప్పు మాది. ఒక్క మాట తేడాకి ఎవరిది తప్పో మారిపోతుంది.

అదే రైల్వేలో జనరల్ రూల్స్ పుస్తకం తెరిస్తే ఎక్కడ చూసినా ‘షల్’. అక్కడ షల్ అంటే విధి. చేయకపోతే శిక్ష. ‘మే’ అంటే చేయడానికి అనుమతి. ఆ రెంటికీ తేడా తెలియనివాడు సిగ్నలు దగ్గర నిలబడలేడు. అదే ‘షల్’తో ‘షల్ ఐ క్యారీ యువర్ బ్యాగ్’ అంటే విధీ లేదు, శిక్షా లేదు. ‘సంచి నేను పట్టుకోనా అమ్మా?’ అన్నంత మర్యాద. మన ‘పట్టుకోనా’లోని ఆ ‘నా’ ఎంత చక్కగా సరిపోయిందో చూడండి. పట్టీలో దీనికి గడి ఎక్కడుంది?

ఇప్పుడు ‘విల్’. మన ఊరి పిల్లలందరూ చేసే తప్పు ఒకటి ఉంది. ‘డైలీ ఐ విల్ కమ్ బై ట్రెయిన్’ అంటారు. నవ్వుకోవద్దు, కారణం వినండి. తెలుగులో ‘రోజూ వస్తాను’, ‘రేపు వస్తాను’, రెంటికీ ఒకే ‘వస్తాను’. కన్నడంలో ‘బరుత్తేనె’ కూడా అంతే. తమిళంలో ‘వరువేన్’ రేపటికీ పనికొస్తుంది, అలవాటుకీ పనికొస్తుంది. చుట్టూ ఉన్న మూడు భాషలూ ఒకేలా ఉంటే పిల్లవాడు పాపం ఏం చేస్తాడు? ఈ సంగతి ఐదు నిమిషాల్లో చెప్పొచ్చు. అలవాటుకి ‘ఐ కమ్’, మాట ఇవ్వడానికి ‘ఐ విల్ కమ్’. అన్నిటికీ ‘విల్’ వాడేవాడు నిజంగా మాటిచ్చేటప్పుడు వాడడానికి మాట మిగలదు.

ఇంకొకటి. ‘కావాలి’కీ ‘వెళ్ళాలి’కీ మనకు ఒకటే వేరు. కన్నడం ‘బేకు’, తమిళం ‘వేండుం’ కూడా ఆశకూ అవసరానికీ రెంటికీ పనిచేస్తాయి. అందుకే ‘నాకు రెండు రోజులు సెలవు ఇవ్వాలి సార్’ అని వినయంగా అడిగేది ఇంగ్లీషులో ‘యూ మస్ట్ గివ్ మీ లీవ్’ అవుతుంది. మన అర్జీలో ‘ఇవ్వాలి’ అంటే ప్రార్థన. వాళ్ళ ‘మస్ట్’ అంటే ఆజ్ఞ. ‘కుడ్ ఐ హ్యావ్ టూ డేస్ లీవ్’ అంటే చాలు.

మీరు అడగొచ్చు, ఇంత తెలుగు చెప్పే మీరు చదివింది తెలుగేనా అని. కాదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, వీధిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నాం. అందుకే ఈ మాట ధైర్యంగా అంటున్నాం. కొత్త భాష ఎప్పుడూ పాత భాష భుజం పట్టుకునే నడుస్తుంది. ఆ భుజం నరికేసి ‘నడువు’ అంటే పడిపోతుంది. దొరలు మన భాష నేర్చుకున్నదీ ఇలాగే. ఆర్డెన్ అనే పాదిరీ 1873లో తెలుగు వ్యాకరణం రాశాడు, తర్వాత తమిళానికీ రాశాడు. తన ఇంగ్లీషు పక్కన మన మాట పెట్టి, జనం నోట ఉన్న వాడుకను కూడా లెక్కలోకి తీసుకుని రాశాడు. మన భాష నేర్చుకోవడానికి వాళ్ళు వాళ్ళ భాష వదల్లేదు. వాళ్ళది నేర్చుకోవడానికి మనది గుమ్మం బయట వదలాలా?

కొందరు యువ సభ్యుల వాదన మాకు తెలుసు. క్లాసులో తెలుగు మాట్లాడితే పిల్లలు తెలుగులోనే ఆలోచిస్తారు, ఇంగ్లీషు రాదు, కాబట్టి తెలుగు నిషేధించాలి అని. ఇందులో కొంత నిజం ఉంది, కాదనం. గంటంతా తెలుగులో వ్యాకరణం చెప్పే మాస్టరు ఇంగ్లీషు నేర్పలేడు. నోరు తిరగాలంటే నోటితోనే మాట్లాడాలి. అయితే ఆ కోచింగు పుస్తకంలోనూ కుడి పక్క తెలుగే ఉంది కదా! కాకపోతే చెడ్డ తెలుగు. మా మాట ఒక్కటే: గంటలో పది నిమిషాలు మంచి తెలుగు, యాభై నిమిషాలు ఇంగ్లీషు నోటి సాధన.

రెండో వాదన, వాళ్ళు సర్టిఫికెట్ ఇస్తారు, మీరివ్వగలరా అని. ఇవ్వలేం. ఇంటర్వ్యూలో ‘ఐ కెన్’ అన్న ఆ అబ్బాయి దగ్గర రెండు సర్టిఫికెట్లు ఉన్నాయి.

ఇంతకీ ఏం చేద్దాం? సంఘం గదిలో ఆదివారాలు పొద్దున గంటన్నర. నాలుగు వారాలు, వారానికి ఒక పని. మొదటివారం సలహా: అమ్మకు, స్నేహితుడికి, పై అధికారికి, అదే సలహా మూడు రకాలుగా. రెండోవారం తప్పు పట్టడం: ఇద్దరు నిలబడి, ఒకరు ఆలస్యంగా వచ్చినవారు, ఒకరు ఎదురుచూసినవారు. మూడోవారం ఎదురుచూపు: బండి, జీతం, కొరియరు, పరీక్ష ఫలితం. నాలుగోవారం సంసిద్ధత: ‘చేస్తావా’ అన్న ప్రశ్నకు ఒప్పుకోవడం, మర్యాదగా కాదనడం. ముందు మన మాటలో అనిపించాలి, తర్వాత ఇంగ్లీషులో అనిపించాలి, తర్వాత తెలుగు తీసేసి పదిసార్లు అనిపించాలి. బ్యాంకులో, రైల్వేలో, బెమెల్‌లో, బడుల్లో జీవితమంతా ఈ మాటలతో పని చేసినవాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు. ఫీజు అక్కర్లేదు. కోచింగుకు అనుకున్న డబ్బుతో ఈ ఏడాది పదో తరగతి పిల్లలకు పుస్తకాలు కొనండి.

చివరిగా ఒక మాట, కొంచెం చేదుగా ఉంటుంది. మన సమావేశాల మినిట్సు పుస్తకం తిరగేశాం. ప్రతి పేజీలో ‘చేయాలి’, ‘చూడాలి’, ‘పెట్టాలి’. ‘మనం చేయాలి’ అంటాం, ఆ ‘మనం’లో అందరూ ఉంటారు కాబట్టి ఎవరూ ఉండరు. ‘నేను చేస్తాను’ అన్న మాట ఎక్కడో ఒకటీ అరా. పిల్లలకు ‘షుడ్’కీ ‘విల్’కీ తేడా నేర్పేముందు ఆ తేడా మనకు తెలుసని చూపించాలి కదా. మా వంతు మేము చెబుతున్నాం: నాలుగు ఆదివారాలూ మేము వస్తాం, పాఠం చెబుతాం. ఇది అంచనా కాదు, మాట.

తీర్మానం రోజున చేయి ఎత్తేముందు ఆ పేజీ ఒకసారి చూడండి. కోచింగే కావాలంటే మీ ఇష్టం, సంఘం మాట మాకు శిరోధార్యం. కాకపోతే రేపు పిల్లలు వచ్చి ‘పెద్దలు మీరైనా మాకు ఒక మాట చెప్పొద్దా?’ అని అడిగితే, చెప్పామని మేము అనగలం. మీరు ఏమంటారో ఆలోచించుకోండి.