పాముని పెంచుకుంటాడట!

కిందటి నెల డల్లాస్ నుంచి మా మరదలు ఫోన్ చేసింది. "వదినా, మీ మేనల్లుడు పాముని కొనమని కూర్చున్నాడు, మీరైనా చెప్పండి" అంటూ ఏడుపొక్కటే తక్కువ. నాగులచవితికి పుట్టలో పాలు పోసి దణ్ణం పెట్టుకుంటాం గాని ఇంట్లో పెట్టుకోవడమేమిటి అంటారు మీరు. నేనూ అదే అన్నాను. మన పాముల్ని పట్టి పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా. అక్కడ మాత్రం దుకాణాల్లోనే అమ్ముతారు. పిల్లలు ఆ దేశంలో ఉన్నవాళ్లకి ఈ పేచీ ఎప్పుడైనా రావచ్చు, అందుకే రాస్తున్నాను.

వాడు మొదట అడిగింది బాల్ పైథాన్. నాలుగడుగులు పెరుగుతుంది, అలిగిందంటే నెలల తరబడి తిండి ముట్టదు. కార్న్ స్నేక్ సాధువే గాని అయిదడుగుల దాకా సాగుతుంది. చిన్న పెట్టెలో సరిపోవాలంటే కెన్యా శాండ్ బోవా నయం. మన రెండు తలల పాముకి చుట్టం. (అది ఇంట్లో ఉంటే డబ్బొస్తుందని లక్షలు గుంజే మోసగాళ్లున్నారు, జాగ్రత్త!) ఆడది రెండడుగులు దాటుతుంది, మగది అడుగున్నర లోపే. కాబట్టి మగదాన్నే అడగాలి. రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు గాజుతొట్టి చాలు. ఒక పక్క వెచ్చగా, ఇంకో పక్క చల్లగా ఉండాలి. మూతకి గడియ తప్పనిసరి. పగలంతా చెక్కతురుములో దూరి కూర్చుంటుంది, కనబడేది తక్కువే.

అసలు చిక్కు తిండి దగ్గర. ఫ్రీజర్లో దాచిన ఎలుకపిల్లల్ని వేడినీళ్లలో కరిగించి పెట్టాలి. మా మరదలు ఇంట్లో గుడ్డు కూడా ఉడకనివ్వదు! వేరే చిన్న ఫ్రీజరు కొనాల్సిందే. పైగా పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. వాడికిప్పుడు పన్నెండు. కాలేజీకి పోతే ఎలుకలు కరిగించేది ఎవరు? తల్లే కదా!

అన్నిటికంటే ముఖ్యం, పాముల ఒంటిమీద సాల్మొనెల్లా అనే క్రిములుంటాయి. అయిదేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో వద్దంటారు అక్కడి డాక్టర్లు. తాకితే సబ్బుతో చేతులు కడుక్కోవాలి, దాని గిన్నెలూ తొట్టీ వంటింటి సింకులో కడగకూడదు. వాడి చెల్లెలికి మూడేళ్లు, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటుంది. ఆ మాటే చెప్పి రెండేళ్లు ఆగమన్నాను.

"సరే అత్తా" అన్నాడు. ఖాళీ తొట్టి మాత్రం ఇప్పుడే కొనాలట.