వేదిక మీద ఒకరు, సభలో ఎవరు?

ప్రతిభకు కులం లేదన్న మాట మన విశ్వవిద్యాలయాల్లో, పత్రికల్లో, చట్టసభల్లో తరచు వినపడుతుంది. ఆ మాట వెనుకే ఒక ఉదాహరణ కూడా వస్తుంది. అణగారిన కులం నుంచి ఉన్నత స్థానానికి చేరిన ఒక అధికారినో, ఆచార్యునో, కళాకారుణ్ణో చూపించి, ‘వీరు రాలేదా? మిగతావారు ఎందుకు రాలేరు?’ అని నిలదీస్తారు. పైకి వచ్చినవారి విజయం, రాలేకపోయిన వారి మీద అభియోగపత్రంగా మారుతుంది. ఈ తర్కానికి సమాధానం వెదుకుతున్న విద్యార్థులకు నేను ఒక అమెరికన్ ఒపెరా గాయని జీవితాన్ని పరిచయం చేయదలచాను. ఆమె పేరు మాటివిల్డా డాబ్స్. తన విజయాన్ని తన ప్రజలకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పనివ్వని మనిషి ఆమె.

మాటివిల్డా 1925 జూలై 11న జార్జియా రాష్ట్రంలోని అట్లాంటాలో జన్మించారు. జిమ్ క్రో చట్టాలు రాజ్యమేలుతున్న కాలమది. బడి వేరు, బస్సులో సీటు వేరు, తాగే నీటి కుళాయి వేరు, ప్రేక్షకశాలలో ద్వారం వేరు. ఆ నగరంలో పుట్టిన నల్లజాతి బాలిక యూరప్ సంపన్న వర్గాల కళగా పేరుపడిన ఒపెరాలో, అందులోనూ అత్యంత కఠినమైన కొలరతూరా సొప్రానో గాత్రంలో నిష్ణాతురాలయ్యారు. సొప్రానో అంటే స్త్రీ గాత్రాల్లో అన్నిటికన్నా పై స్థాయిది. ఆ పై స్థాయిలోనే, వాద్యాలతో పోటీ పడే వేగంతో, ఒక్క స్వరమూ చెదరకుండా సంగతులు పలికించగలగడం కొలరతూరా. మన సంగీతంలో తారస్థాయిలో ద్రుతకాల స్వరకల్పన ఎంత సాధనను కోరుతుందో తెలిసినవారికి ఆ శ్రమ సులభంగానే అర్థమవుతుంది.

ఆ ప్రతిభ ఎక్కడి నుంచి వచ్చింది? ఆకాశం నుంచి ఊడిపడలేదు. దానికి ఒక ఇల్లుంది, ఒక వీధి ఉంది, కొన్ని సంస్థలున్నాయి. తండ్రి జాన్ వెస్లీ డాబ్స్ రైల్వే తపాలా విభాగంలో గుమాస్తా. నల్లజాతి సోదర సంఘమైన ప్రిన్స్ హాల్ మేసన్ల జార్జియా శాఖకు అధిపతి. తన ప్రజల వ్యాపారాలు, చర్చీలు, పత్రికలు నెలకొన్న ఆబర్న్ అవెన్యూకు ‘స్వీట్ ఆబర్న్’ అని పేరు పెట్టినవాడు. నల్లవారిని ఓటర్లుగా నమోదు చేయించడమే జీవితకాల వ్రతంగా పెట్టుకుని, 1949లో అట్లాంటా నీగ్రో ఓటర్ల లీగ్‌ను నెలకొల్పినవారిలో ఒకడు. ఓటర్ల సంఖ్య పెరిగినకొద్దీ నగర పాలకులు దిగివచ్చారు. 1948లో అట్లాంటాలో తొలిసారి ఎనిమిది మంది నల్లజాతి పోలీసులు నియమితులయ్యారు. తెల్లవారిని అరెస్టు చేసే అధికారం వారికి ఇవ్వలేదు. తెల్ల పోలీసుల ప్రధాన కార్యాలయంలో చోటూ దొరకలేదు. అయినా ఆ ఎనిమిది ఉద్యోగాలు ఓటు సాధించిన ఉద్యోగాలు.

ఆ గుమాస్తాకు ఆరుగురు కుమార్తెలు. ఆరుగురూ నల్లజాతి మహిళల కోసం 1881లో ఏర్పడిన స్పెల్మన్ కళాశాలలో పట్టభద్రులయ్యారు. ఇంట్లో అందరూ పియానో నేర్చుకోవలసిందే. మాటివిల్డా 1946లో స్పెల్మన్‌లో తన తరగతిలో ప్రథమురాలిగా నిలిచారు. అటుపైన న్యూయార్క్‌లో, నాజీల జర్మనీ నుంచి తప్పించుకుని వచ్చిన యూదు గాయని లొట్టే లియొనార్డ్ వద్ద శిష్యరికం చేశారు. మేరియన్ ఆండర్సన్ పేరిట ఏర్పడిన ఉపకార వేతనం ఒక మెట్టు ఎక్కించింది. జాతి వివక్ష వల్ల అవకాశం దక్కనివారిని దృష్టిలో పెట్టుకుని ఇచ్చిన జాన్ హే విట్నీ ఫెలోషిప్ ఆమెను పారిస్‌లో పియేర్ బెర్నాక్ వద్దకు చేర్చింది. 1951లో జెనీవా అంతర్జాతీయ సంగీత పోటీలో ఆమె ప్రథమ బహుమతి గెలుచుకున్నారు.

ఈ వివరాలను నేను ఉద్దేశపూర్వకంగానే ఏకరువు పెడుతున్నాను. తండ్రి నెల జీతం, ప్రత్యేక కళాశాల, ప్రత్యేక ఫెలోషిప్, తనలాగే వెలివేతను చవిచూసిన గురువు, వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా జెనీవా న్యాయనిర్ణేతలకు ఆ గొంతు వినపడేదా? ఫెలోషిప్ తీసుకున్నందువల్ల ఆమె గొంతులో ఒక్క స్వరమైనా తగ్గిందా? రిజర్వేషన్‌కూ ప్రతిభకూ వైరం అంటగట్టేవారు ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పాలి.

యూరప్ ఆమెను ఆదరించింది. 1952లో హాలండ్ ఉత్సవంలో స్ట్రావిన్‌స్కీ రచించిన ‘నైటింగేల్’లో కోకిల వంటి ఆ పక్షి గొంతుక ఆమెదే. 1953లో మిలాన్‌లోని లా స్కాలాలో రొస్సీనీ ఒపెరాలో ఎల్విరా పాత్ర ధరించి, ఆ వేదికపై ప్రధాన పాత్ర పాడిన తొలి నల్లజాతి గాయని అయ్యారు. అదే ఏడు ఇంగ్లండ్‌లోని గ్లైండ్‌బోర్న్‌లో, మరుసటి ఏడు లండన్ కోవెంట్ గార్డెన్‌లో పాడారు. 1954 జూన్‌లో ఎలిజబెత్ రాణి, స్వీడన్ రాజు హాజరైన ప్రదర్శనకు కొద్ది రోజుల ముందే ఆమె భర్త మరణించారు. పద్నాలుగు నెలల దాంపత్యం అది. ఆమె ఆ దుఃఖంతోనే వేదిక ఎక్కి పాడారు. స్వీడన్ రాజు ఆమెకు ఆ దేశపు నార్త్ స్టార్ పురస్కారాన్ని ప్రదానం చేశారు.

ఇంత జరిగినా న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరా తలుపు వెంటనే తెరుచుకోలేదు. 1883లో మొదలైన ఆ సంస్థ వేదికపై ఒక నల్లజాతి గాయని తొలిసారి పాత్ర పాడింది 1955 జనవరి 7న. ఆమె మేరియన్ ఆండర్సన్. అప్పటికి ఆమె వయస్సు 57. పాతికేళ్ళ క్రితం వినవలసిన గొంతును, దాని వసంతమంతా గడిచిపోయాక ఆహ్వానించి, ఆ ఆహ్వానానికి చరిత్రాత్మకమని పేరు పెట్టారు. ఆలస్యం కూడా వివక్షలో ఒక పద్ధతే. ఆ తరువాతి సంవత్సరం, 1956 నవంబరు 9న, మాటివిల్డా ‘రిగొలెట్టో’లో జిల్డాగా మెట్‌లో అడుగుపెట్టారు. ఆండర్సన్ పాడినది సోదె చెప్పే స్త్రీ పాత్ర. జిల్డా కథానాయిక, ఒక ప్రభువు ప్రేమించే యువతి. ఆ వేదికపై శృంగార నాయిక పాత్ర పాడిన తొలి నల్లజాతి గాయని మాటివిల్డాయే.

ఈ తేడాను చిన్నదిగా చూడరాదు. వివక్ష పాటించే సమాజం అంటరాని మనిషి పాటను భరించగలదు. ఆ మనిషిని ప్రేమకు అర్హురాలిగా చూడటం దానికి కష్టం. నాటి జార్జియా చట్టం తెల్లవారికీ నల్లవారికీ మధ్య వివాహాన్ని నిషేధించింది. మాటివిల్డా తొలి భర్త స్పెయిన్ దేశస్థుడు. 1957లో పెళ్ళాడిన రెండో భర్త స్వీడన్ దేశస్థుడు. అమెరికా సుప్రీంకోర్టు 1967లో అటువంటి చట్టాలను కొట్టివేసే దాకా, ఆమె పుట్టిన రాష్ట్రం ఆమె కాపురాన్ని గుర్తించే చట్టం కలిగి లేదు. రాజుల సత్కారం పొందిన గాయని సొంత గడ్డపై చట్టం కళ్ళకు భార్య కాదు. ఆమె 1948లో ఎం.ఏ. పట్టా పొందినది కొలంబియా విశ్వవిద్యాలయంలో. సరిగ్గా అదే విశ్వవిద్యాలయంలో 1916లో యువ విద్యార్థి అంబేడ్కర్ కులాల పుట్టుకపై చదివిన పరిశోధన పత్రంలో, కులానికి ప్రాణం దాని లోపలి పెళ్ళిళ్ళలోనే ఉందని తేల్చాడు. జాతి, కులం ఒక్కటే అని నేను అనడం లేదు. వాటి చరిత్రలు వేరు, వాటిని సమర్థించిన గ్రంథాలు వేరు. కానీ మనుషులను విడదీసే గోడ చివరికి పెళ్ళి పందిరి దగ్గరే ఎక్కువ ఎత్తు లేస్తుందన్న సత్యం రెండు చోట్లా ఒక్కటే.

ఇక అసలు విషయానికి వస్తాను. దక్షిణ రాష్ట్రాల్లోని సంగీతశాలల్లో నాటి ఆనవాయితీ ఇది: కింది అంతస్తు తెల్లవారికి, పై గ్యాలరీయో ఒక మూలో నల్లవారికి, కొన్ని చోట్ల నల్లవారికి ప్రవేశమే లేదు. వేదిక మీద నల్లజాతి గాయని పాడుతుంటే, ఆమె తల్లిదండ్రులు సైతం ఆ మూలనే కూర్చోవాలి. మాటివిల్డా ఒక షరతు పెట్టుకున్నారు. ప్రేక్షకులను వేరుచేసి కూర్చోబెట్టే ఏ శాలలోనూ పాడనన్నారు. దాని ఫలితంగా లా స్కాలా విన్న గొంతును ఆమె సొంత ఊరి పెద్ద సభామందిరం వినలేకపోయింది. ఆమె అక్కడికి వచ్చినప్పుడు నల్లవారి కళాశాలల్లో, చర్చీల్లో పాడారు. అక్కడ ఎవరైనా ఎవరి పక్కనైనా కూర్చోవచ్చు.

ఈ తిరస్కారానికి ఉన్న అర్థాన్ని నిదానంగా గ్రహించాలి. అట్లాంటా ఆమెను రావద్దనలేదు. ఆమె వస్తే సంతోషంగా పూలదండ వేసేది. నగరం అడిగింది ఒక్కటే: నీకు వేదిక ఇస్తాం, నీవారి సీటు సంగతి అడగకు. ఆమె వేదికను వదులుకుని సీటు సంగతే అడిగారు.

ఆ ఇంట్లో ఇలా అడిగినది ఆమె ఒక్కరే కాదు. అక్క ఐరీన్ డాబ్స్ జాక్సన్ ఫ్రాన్స్‌లోని తులూజ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందిన ఆచార్యురాలు. అయినా అట్లాంటా ప్రజా గ్రంథాలయంలో ఆమెకు సభ్యత్వం లేదు. 1959 మే నెలలో ఆమె వెళ్ళి సభ్యత్వ కార్డు కోరారు. ఆ గ్రంథాలయం నుంచి కార్డు అందుకున్న తొలి నల్లజాతి వ్యక్తి అయ్యారు. తండ్రి 1961 ఆగస్టు 30న కన్నుమూశారు. అట్లాంటా ప్రభుత్వ బడుల్లో నల్ల, తెల్ల పిల్లలు తొలిసారి కలిసి కూర్చున్న రోజు అది. మరుసటి ఏడు, 1962లో, నగర సభామందిరంలో వేరు సీట్లు లేని సభకు మాటివిల్డా పాడారు. ఓటు కోసం జీవితమంతా తిరిగిన ఆ తండ్రి ఆ పాట వినలేదు. 1974 జనవరిలో ఐరీన్ కుమారుడు మేనార్డ్ జాక్సన్ అట్లాంటాకు తొలి నల్లజాతి మేయరుగా ప్రమాణం చేసిన వేడుకలో మళ్ళీ ఆమె గొంతు వినిపించింది.

ఆమెను ఉద్యమ సేనానిగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. చాలా ఏళ్ళు స్వీడన్‌లో నివసించారు. పాడింది యూరప్ సంగీతం. తరువాత టెక్సస్‌లో, వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, 2015 డిసెంబరులో 90వ ఏట అట్లాంటాలో మరణించారు. మెట్‌లో ఎనిమిది సీజన్లలో ఆమె పాడిన ప్రదర్శనలు 29. సీజనుకు నాలుగైనా కాదు. ‘తొలి వ్యక్తి’ అన్న బిరుదు పక్కన ఈ అంకెను కూడా రాసుకోవాలి. గేటు తెరవడం వేరు, ఇంటి మనిషిగా చూడటం వేరు. ఇన్ని పరిమితుల నడుమ, తన చేతిలో ఉన్న ఒకే ఒక్క అధికారాన్ని, పాడను అనే అధికారాన్ని, ఆమె తన ప్రజల కోసం వినియోగించారు. పెద్ద ఉద్యమాలకు ఇటువంటి తిరస్కారాలే పునాదిలో రాళ్ళు.

మన గడ్డ మీదికి వస్తే జాషువా ఉన్నాడు. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి అంతటి పండితుడు ఆయన కాలికి గండపెండేరం తొడిగిన ఉదంతాన్ని సాహిత్య సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. గర్వించదగిన ఘట్టమే. అయితే ఆ గండపెండేరం చూడటానికి వచ్చిన జాషువా వాడ మనుషులు ఏ వరుసలో కూర్చున్నారని అడిగేవారు తక్కువ. కవిని తలకెత్తుకున్న జిల్లాల్లోనే హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి దశాబ్దాలపాటు సాగింది. వీధి నాటకం ఆడే చోట దళితులు దూరంగా నిలబడి చూశారు. ఒకరికి తొడిగిన కడియం, వేలమందికి ఇవ్వని గ్లాసును కప్పిపుచ్చకూడదు.

విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న దళిత, బహుజన విద్యార్థులకు నేను చెప్పదలచినది ఇదే. మీలో కొందరు తప్పకుండా వేదికలు ఎక్కుతారు. అప్పుడు మిమ్మల్ని సన్మానించడానికి వచ్చేవారిలో కొందరు నిజంగా సంతోషించేవారు. మరికొందరు మిమ్మల్ని ఉదాహరణగా వాడుకునేవారు. ఆ రెండో రకాన్ని గుర్తుపట్టడానికి సులువైన మార్గం ఒకటుంది. ఆ సంస్థలో మీ వెనుక వచ్చేవారికి ఎన్ని సీట్లున్నాయి, బ్యాక్‌లాగ్ పోస్టులు ఎన్నేళ్ళుగా ఖాళీగా ఉన్నాయి, ఎంపిక సంఘంలో ఎవరు కూర్చున్నారు, ఫెలోషిప్ సొమ్ము ఎన్ని నెలలకొకసారి అందుతోంది అని అడగండి. మీ పాటను మెచ్చుకున్న ముఖం ఈ ప్రశ్నలకు చిన్నబోతే, మీకు వేసిన దండ ఎందుకు వేశారో తెలిసిపోతుంది.

అడిగితే అవకాశం పోతుందేమోనన్న భయం సహజం. మాటివిల్డా కూడా పోగొట్టుకున్నారు. ఎన్నో ఏళ్ళపాటు సొంత ఊరి పెద్ద వేదికనే పోగొట్టుకున్నారు. ఆ వేదిక తిరిగి దక్కిన రోజున మాత్రం ఆమె ప్రజలు పక్క ద్వారం నుంచి రాలేదు. అందరితో పాటు ముందు ద్వారం నుంచి వచ్చి, టికెట్టు మీద ఉన్న సీట్లలో కూర్చుని విన్నారు.