బొటనవేలు జాగ్రత్త!

ఏకలవ్యుడి కథ మనకి కొత్త కాదు. గురువు రానివ్వకపోతే ఆ నిషాదుల బిడ్డ అడవిలో సొంతంగా విలువిద్య నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక గురుదక్షిణ పేరుతో బొటనవేలు కోయించారు. ఇందులో మనం ఒక సంగతి మర్చిపోతుంటాం. ఏకలవ్యుడు ఒక్కడే నేర్చుకున్నాడు. ద్రోణుడు వేలు అడిగిన రోజు 'ఎందుకివ్వాలి?' అనడానికి పక్కన ఒక్కరూ లేరు.

ఇవాళ మన వాడ పిల్లల చేతుల్లోకి ఫోనొచ్చింది. 2003లో మొదలైన ఎన్‌పీటెల్‌లో ఐఐటీ మేష్టార్ల పాఠాలు ఉచితంగా వినొచ్చు. 2017లో కేంద్ర ప్రభుత్వం 'స్వయం' పెట్టింది. అదే ఏడాది వచ్చిన 'దీక్ష'లో బడి పాఠాలున్నాయి. అంబేద్కర్ రచనల సంపుటాలు కూడా ఇంగ్లీషులో పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి. ఆయన్ని సతారా బడిలో ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చోబెట్టారు. ఫోనులో పాఠం చెప్పే మేష్టారు నీ కులమేంటని అడగడు, వెనక్కి పోయి కూర్చోమనడు, పదిసార్లు విన్నా విసుక్కోడు. ఇది చిన్న విషయం కాదు. వదులుకోవద్దు.

అట్లాగని తలుపులన్నీ తెరుచుకున్నాయా? లేదు. రీచార్జి డబ్బులు, అర్థంకాని ఇంగ్లీషు, కూలిపని చేసొచ్చాక మిగలని టైము, ఇవన్నీ కొత్త కాపలాదార్లు. ఇంట్లో ఒకటే ఫోనుంటే అది అన్న జేబులో ఉంటుంది, చెల్లెలికి దొరకదు. ఈ తప్పు మాత్రం మనది. 2020 జూన్ 1న కేరళలో ఆన్‌లైన్ క్లాసులు మొదలైన రోజే మలప్పురం జిల్లాలో బడికెళ్లే దళిత బాలిక ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ చెడిపోయి ఉంది, స్మార్ట్‌ఫోను లేదు. దాన్ని మనం మర్చిపోగలమా?

ఇంతలో కొందరు పెద్దమనుషులు కొత్త పాట ఎత్తుకున్నారు. "అంతా ఫోన్లోనే ఉంది కదా, ఇంకా హాస్టళ్లెందుకు, రిజర్వేషన్లెందుకు?" అంటున్నారు. ఇదే నేటి ద్రోణుడి మాట! దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పెట్టారు. 1991లో దానికి అంబేద్కర్ పేరొచ్చింది. ఇంటి దగ్గరే చదువుకునేవాళ్ల కోసం పుట్టిన ఆ యూనివర్సిటీ కూడా స్టడీ సెంటర్లు నడుపుతోంది. ఎందుకు? పాఠం చేతికిస్తే చాలదు, డౌటు అడగడానికి మనిషి కావాలి. ఫోను బడికి తోడవుతుంది గానీ బడికి బదులు కాదు.

మరి ఏం చేద్దాం? వాడలో కమ్యూనిటీ హాలుని పెళ్లిళ్లకి, ఓట్లప్పుడు మీటింగులకి తెరుస్తున్నాం. రోజూ రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా చదువుకి తెరుద్దాం. ఒక ఫోను, ఒక స్పీకరు, పదిమంది పిల్లలుంటే చాలు. డిగ్రీ చదివిన అక్కో అన్నో ఇంగ్లీషు పాఠాన్ని ఆపి ఆపి తెలుగులో విప్పి చెప్పాలి. ముందు వరస ఆడపిల్లలది.

అడగాల్సినవీ ఉన్నాయి. ఇంటర్నెట్ వాడుకోవడం చదువు హక్కులో భాగమని కేరళ హైకోర్టు 2019 సెప్టెంబరులో తీర్పిచ్చింది. ఆ తీర్పు చూపించి ప్రతి ఎస్సీ హాస్టల్లో నెట్టు, కంప్యూటర్లు పెట్టమని అడుగుదాం. 'స్వయం'లో చదవడం ఉచితమే గానీ సర్టిఫికెట్ పరీక్షకి ఫీజు కట్టాలి. మన పిల్లలకి ఆ ఫీజు పూర్తిగా ఎత్తెయ్యమందాం. పాఠాలు తెలుగులో కావాలి. ఖాళీగా ఉన్న టీచరు పోస్టులు నింపాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రోజంతా రీల్సు తిప్పుతూ కూర్చుంటే మన బొటనవేలు ఎవరూ కోయక్కర్లేదు, మనమే ఇచ్చేసినట్టు. ఆ వేలితోనే పాఠం తెరవండి. కానీ ఒంటరిగా కాదు, వాడంతా కలిసి తెరవండి. అప్పుడు ఏ ద్రోణుడు దక్షిణ అడగడానికి వస్తాడో చూద్దాం.

జై భీమ్!